బస్సు పాసు తీగ, రాజ్యాంగం డొంక

ఒక బడిపంతులు పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి విద్యార్థి ఉద్యమాన్ని విషయంగా తీసుకోవడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. పిల్లల్ని తరగతిలో కూర్చోబెట్టడం పంతులు పని, తరగతిలోంచి లేపి వీధిలోకి తేవడం ఉద్యమం పని, ఈ రెండింటికీ పొత్తేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్ననే ఈ సాయంత్రం విచారిద్దాం. చదువుకునే పిల్లలకు రాజకీయాలెందుకన్న మాట మన ఇళ్లలో వినిపించినట్టే, విద్యార్థులు రోడ్డెక్కిన ప్రతి దేశంలోనూ వినిపించింది. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. చదువు సమస్యలు వేరు, ప్రజాస్వామ్య సమస్యలు వేరు. మొదటివాటి గురించి పిల్లలు మాట్లాడితే వినవచ్చు, రెండోవాటి జోలికి వచ్చారంటే వెనక ఎవరో ఉండి ఆడిస్తున్నట్టే లెక్క. ఈ విభజన నిలవదన్నది నా వాదన. ఫీజు గురించో బస్సు పాసు గురించో అడిగిన ప్రశ్నను దారిలో వదిలేయకుండా చివరిదాకా పట్టుకుపోతే, ఆ నియమాన్ని ఎవరు చేశారు, దాన్ని మార్చే హక్కు ఎవరిది అన్న ప్రశ్న దగ్గరికే చేరతాం. ఇందుకు చిలీ దేశాన్ని సాక్ష్యంగా పిలుస్తున్నాను. ఆ దేశంలో తీగ ఎక్కడుందో, డొంక ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది.

చిలీ అనగానే మనకు కవి నెరూడా గుర్తొస్తాడు. ఆ వెంటనే 1973 సెప్టెంబర్ 11 సైనిక తిరుగుబాటు నాడు అధ్యక్ష భవనంలో ప్రాణాలు వదిలిన అధ్యక్షుడు సాల్వడార్ అలెండే గుర్తొస్తాడు. ఆ తర్వాత 1990 దాకా సాగిన జనరల్ పినోచెట్ పాలనలో బడికి ఏం జరిగిందో మనం అంతగా పట్టించుకోలేదు. 1980వ దశకం మొదట్లో అక్కడి సర్కారు బడులను కేంద్ర విద్యాశాఖ నుంచి తీసి మునిసిపాలిటీల నెత్తిన పెట్టారు. పిల్లవాడి హాజరును బట్టి తలకింత అని ప్రభుత్వం డబ్బివ్వడం మొదలైంది. మునిసిపల్ బడికి ఎంతో, ప్రైవేటు వ్యక్తి పెట్టిన బడికీ అంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసిన మనకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. సొమ్ము సర్కారుది, సంస్థ ప్రైవేటుది, సొమ్ము విద్యార్థి వెంట నడుస్తుంది. 1993లో, అంటే ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక, ఇలా సాయం పొందే ప్రైవేటు బడులు తల్లిదండ్రుల నుంచి అదనంగా ఫీజు కూడా వసూలు చేసుకునే వీలు విస్తరించింది. విశ్వవిద్యాలయాల సంగతి ఇంకా విచిత్రం. కొత్త ప్రైవేటు విశ్వవిద్యాలయాలు లాభాపేక్ష లేని సంస్థలుగానే ఉండాలని చట్టం చెప్పింది. కొందరు యజమానులు భవనాలను తమ సొంత కంపెనీ పేర పెట్టి, విశ్వవిద్యాలయం చేత ఆ కంపెనీకి అద్దె కట్టించారు. కాగితం మీద లాభం లేదు, అద్దె రూపంలో అది నడిచిపోయింది.

ఈ ఏర్పాటు చేసినవాళ్లు చెప్పిన తర్కం వినడానికి బాగానే ఉంటుంది. బడుల మధ్య పోటీ పెడితే మంచి బడికి పిల్లలు చేరతారు, చెడ్డ బడి మూతపడుతుంది, మొత్తం మీద చదువు బాగుపడుతుంది. ఫలితం కొలిచి చూస్తే అలా కనిపించలేదు. 1981లో ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వ బడిలో ఉండేవారు; 2011 నాటికి ఆ సంఖ్య నలుగురికి పడిపోయింది. ఇంత పెద్ద వలస జరిగాక సగటు ఫలితాలు గట్టిగా పెరగాలి. షె, ఉర్కియోలా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో అలాంటి పెరుగుదల జాడ దొరకలేదు. కాస్త స్తోమత ఉన్న కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడి వదిలి వెళ్లిపోవడం మాత్రం దొరికింది. బడులు పిల్లల కోసం పోటీ పడాల్సింది పోయి, ఏరుకోవడానికి పోటీ పడ్డాయన్నమాట. పేదవాడి పిల్లలు మునిసిపల్ బడిలో, మధ్యతరగతి పిల్లలు సాయం పొందే ప్రైవేటు బడిలో, సంపన్నుల పిల్లలు పూర్తి ఫీజుల బడిలో సర్దుకున్నారు. చిలీ విద్యావ్యవస్థ తెలిసి తెలిసి వర్గాల వారీగా కట్టినట్టు ఉందని ఓఈసీడీ సంస్థ 2004 నివేదికలో తేల్చింది. విప్లవకారులు రాసిన కరపత్రం కాదది, ధనిక దేశాల ఆర్థిక సంస్థ చేసిన సమీక్ష.

ఇంత తెలిశాక, 1990 నుంచి వరసగా ఎన్నికైన ప్రభుత్వాలు దీన్ని ఎందుకు మార్చలేదు? జవాబు ఒక తేదీలో ఉంది. 1990 మార్చి 11న పినోచెట్ అధికారం అప్పగించాలి. అంతకు ముందు రోజు, మార్చి 10న, ప్రభుత్వ గెజిట్‌లో ఒక విద్యా చట్టం అచ్చయింది. ఇల్లు ఖాళీ చేసే రోజు తాళం మార్చి వెళ్లినట్టు. పైగా అది మామూలు చట్టం కాదు, అక్కడి పరిభాషలో రాజ్యాంగ అంగభూత చట్టం. దాన్ని సవరించాలంటే ఉభయ సభల్లోనూ 7లో 4 వంతుల మంది ఒప్పుకోవాలి. అంత బలం ఎవరికీ రాకుండా ఎన్నికల పద్ధతి చూసుకునేది. ఒక్కో నియోజకవర్గానికి రెండు సీట్లు. మొదటి కూటమికి రెండో కూటమి కంటే రెట్టింపు ఓట్లు వస్తేనే రెండు సీట్లూ దక్కుతాయి, లేకపోతే చెరొకటి. అంటే మూడోవంతు కంటే కాస్త ఎక్కువ ఓట్లున్నవాళ్లకు సగం సీట్లు ఖాయం. దీనికి తోడు 2006 దాకా సెనేట్‌లో ఎవరూ ఎన్నుకోని నియమిత సభ్యులు కూర్చునేవారు. పినోచెట్ పాలన నాటి రాజ్యాంగానికి మేధస్సు అందించిన హైమే గుజ్మన్ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. ప్రత్యర్థులు గద్దెనెక్కినా, మేం చేయదలచుకున్నదానికి మరీ దూరంగా పోలేని విధంగా నియమాలు ఉండాలని 1979లోనే రాశాడు. బడి గురించి ఓటరు ఏమనుకున్నా, ఆ అభిప్రాయం చట్టం దాకా చేరకుండా దారిలోనే ఆగిపోయేలా కట్టిన వ్యవస్థ అది. చదువు సమస్యా ప్రజాస్వామ్య సమస్యా అక్కడ ఒకే తాళం కింద ఉన్నాయి.

ఆ తాళాన్ని మొదట తట్టినవాళ్లు ఓటు హక్కు కూడా లేని హైస్కూలు పిల్లలు. దక్షిణ చిలీలో లోటా అని ఒక పాత బొగ్గుగనుల ఊరు ఉంది. 1997లో గని మూతపడింది. ఆ ఊరి బడిలోకి వానాకాలం నీళ్లు వచ్చేవి. ఎంతగా వచ్చేవంటే, దానికి జనం నీటి బడి అని పేరు పెట్టారు. 2006లో ఉద్యమం మొదట రాజుకున్న చోట్లలో అదొకటి. అదే సమయంలో రాజధాని సాంటియాగోలో రెండు వార్తలు పిల్లల నోట పడ్డాయి. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ఫీజు 28,000 పెసోలకు పెరుగుతోంది; బస్సు పాసు మీద రోజుకు రెండు ప్రయాణాలకే పరిమితి పెడతారు. ఆ ఏడాది రాగి ధర ఆకాశంలో ఉంది, రాగి అమ్ముకునే చిలీ ఖజానా నిండుగా ఉంది. తెల్లచొక్కా, ముదురురంగు కోటు యూనిఫాం వల్ల పెంగ్విన్లని ముద్దుపేరున్న ఆ పిల్లలు బడుల్ని ఆక్రమించారు. గేటు చువ్వల మధ్య తరగతి కుర్చీలను కాళ్లు బయటికి వచ్చేలా ఇరికించి మూసేశారు. ఆ దృశ్యమే ఉద్యమానికి గుర్తుగా మిగిలింది. మే 30 దేశవ్యాప్త సమ్మెలో ఆరు లక్షలకు పైగా విద్యార్థులు పాల్గొన్నారు. ఆ రోజు పోలీసులు పిల్లల్నీ విలేఖరుల్నీ కొట్టడం టీవీల్లో చూశాక, ప్రత్యేక బలగాల అధికారిని ప్రభుత్వం తప్పించాల్సి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది సంఖ్య కంటే కోరికల జాబితా మారిన తీరు. మొదటి వారాల్లో బస్సు పాసు, పరీక్ష ఫీజు. మే చివరికి మునిసిపల్ నిర్వహణ పోవాలి, 1990 మార్చి నాటి విద్యా చట్టం రద్దు కావాలి. ఈ మార్పును ఎవరో బయటివాళ్లు ఎక్కించారనడం తేలిక. కానీ వాన నీళ్లు ఎందుకొస్తున్నాయని అడిగితే మునిసిపాలిటీకి డబ్బు లేదన్నారు. ఎందుకు లేదంటే చట్టం అలా ఉందన్నారు. చట్టం ఎందుకు మారదంటే రాజ్యాంగం ఒప్పుకోదన్నారు. పిల్లలు ప్రశ్న మార్చలేదు, వచ్చిన జవాబుల వెంట నడిచారు. ఆ చట్టం వయసూ వాళ్ల వయసూ ఇంచుమించు ఒకటే.

అధ్యక్షురాలు మిచెల్ బాచెలెట్ జూన్ 1న టీవీలో మాట్లాడి, పరీక్ష ఫీజు నూటికి ఎనభై మందికి మాఫీ చేస్తామని, పేద పిల్లలకు పాసు ఉచితమని, విద్యా చట్టం సవరిస్తామని చెప్పారు. చర్చించడానికి 81 మందితో ఒక సలహా మండలి వేశారు. తీగ దగ్గర డబ్బు దొరికింది, డొంక దగ్గరికి రాగానే కమిటీ దొరికింది. మరుసటి ఏడాది నవంబర్‌లో అధికార, ప్రతిపక్ష నాయకులు కొత్త విద్యా చట్టం మీద ఒప్పందం కుదుర్చుకుని, చేతులు కలిపి పైకెత్తి ఫొటో దిగారు. ఆ ఫొటోలో విద్యార్థులు లేరు. 2009లో పాత చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం కొన్ని మంచి మార్పులు తెచ్చినా, సర్కారు సాయం తీసుకునే బడి లాభాలు చేసుకునే పద్ధతిని అలాగే ఉంచింది. ప్రతిపక్షం ఓటు లేనిదే అడుగు కదలదు గనుక, ప్రతిపక్షం ఒప్పుకున్నంత మేరకే సంస్కరణ జరిగింది. పైకెత్తిన ఆ చేతుల ఫొటో ఒక తరానికి పౌరశాస్త్ర పాఠమైంది.

ఆ పాఠం చదివిన పిల్లలే అయిదేళ్ల తర్వాత విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ఉన్నత విద్య ఖర్చులో నాలుగింట మూడొంతులకు పైగా ప్రైవేటుగా, ఎక్కువగా కుటుంబాల జేబులోంచి వచ్చే దేశం అది. 2005 చట్టంతో వచ్చిన బ్యాంకు రుణాలకు ప్రభుత్వం పూచీ నిలబడింది. వడ్డీ సుమారు ఆరు శాతం. 2011లో కమీలా వయెహో, జార్జియో జాక్సన్ వంటి నాయకుల వెనక లక్షలమంది నడిచారు. అధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యేరా ఆ జులైలో చదువు కూడా ఒక వినిమయ వస్తువేనన్నాడు. వాదం ఎక్కడుందో అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేకపోయారు. ఉచిత చదువుకు ఏడాదికి 1,800 మిలియన్ డాలర్లు కావాలని లెక్కగట్టిన విద్యార్థులు, అధ్యక్ష భవనం లా మొనెడా చుట్టూ జెండా పట్టుకుని వంతులవారీగా 1,800 గంటలు పరుగెత్తారు. రాత్రీ పగలూ, వానలోనూ సాగిన ఆ పరుగు బడ్జెట్ పద్దును ఊరందరి కళ్లకూ కట్టింది. ఆగస్టు 4న ఊరేగింపును నిషేధించి 874 మందిని అరెస్టు చేసినప్పుడు, ఆ రాత్రి ఇళ్ల కిటికీల్లోంచి గిన్నెలూ మూకుళ్లూ మోగాయి. సైనిక పాలన రోజుల్లో నిరసన తెలిపిన పద్ధతి అది. పెద్దవాళ్లు తమ పాత భాషలో పిల్లలకు వంత పాడారు. అదే నెలలో సాంటియాగోలో పదహారేళ్ల కుర్రవాడు పోలీసు తూటాకు చనిపోయాడు. ఆ ఏడాది సర్వేల్లో నలుగురిలో సుమారు ముగ్గురు విద్యార్థుల కోరికలు న్యాయమైనవే అన్నారు. రుణాల వడ్డీ రెండు శాతానికి దిగింది. 2015 చట్టం సాయం పొందే బడుల్లో లాభాలకూ అదనపు ఫీజులకూ పిల్లల్ని ఏరుకోవడానికీ ముగింపు పలికింది. 2016 నుంచి పేద సగం కుటుంబాల పిల్లలకు, తర్వాత నూటికి అరవై మందికి, పథకంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో చదువు ఉచితమైంది. బడులను మునిసిపాలిటీల నుంచి తప్పించే చట్టం 2017లో వచ్చింది. బస్సు పాసు జాబితాలో ఇవేవీ లేవు. అక్కడే ఆగిపోయి ఉంటే ఇవేవీ వచ్చేవీ కావు.

ఇప్పుడు అభ్యంతరాలు చూద్దాం. వాటిలో బలమైనవి ఉన్నాయి. వీళ్లను ఎవరు ఎన్నుకున్నారు, ప్రజాస్వామ్యం పేరు చెప్పే హక్కు వీళ్లకెక్కడిదన్నది మొదటిది. పదిహేనేళ్ల పిల్లలకు ఓటు లేదు, నాలుగేళ్లు గడిస్తే వాళ్లు విద్యార్థులే కారు. నిజమే. కానీ ఓటు లేనివాళ్ల మీదే ఒక చట్టం పూర్తిగా అమలవుతున్నప్పుడు, వాళ్ల గొంతు బ్యాలట్ పెట్టెకు బయటే వినిపించాలి, వేరే దారి లేదు. పొరుగున అర్జెంటీనాలో 1918 కోర్డోబా ఉద్యమం విశ్వవిద్యాలయ పాలనలో విద్యార్థికి వాటా ఇమ్మని అడిగింది. 1967-68 సంస్కరణలతో చిలీలోనూ రెక్టార్ ఎన్నికలో విద్యార్థికి ఓటు వచ్చింది. సైన్యం ఆ ఓటు తీసేసింది. విశ్వవిద్యాలయ పాలక సంస్థల్లో విద్యార్థులకు ఓటు ఇవ్వకూడదన్న నిషేధం 2015 దాకా చట్టంలో ఉంది. లోపలి తలుపు మూసినవాళ్లు వీధిలో ఎందుకు నిలబడ్డారని అడగడం న్యాయం కాదు. పైగా హైస్కూలు విద్యార్థుల సమాఖ్యకు అధ్యక్షులుండేవారు కారు. సభ ఎన్నుకున్న ప్రతినిధులు ఉండేవారు, సభ చెప్పింది బయట చెప్పడం వాళ్ల పని. ఆక్రమించిన బడిలో రాత్రులు సాగిన ఆ సభలు, తమను పాలిస్తున్న రాజ్యాంగం కంటే ఎక్కువ ప్రజాస్వామికంగా నడిచాయి.

రెండో అభ్యంతరం చదువు నష్టం గురించి. దీనికి తేలిక జవాబు లేదు, ఉన్నట్టు నటించడం తప్పు. 2011లో నెలల తరబడి మూతపడినవి ఎక్కువగా పేదపిల్లల ప్రభుత్వ బడులే. ఎందరో ఏడాది కోల్పోయారు. విసిగిన తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బడికి మార్చారు. ప్రభుత్వ బడిని కాపాడటానికి లేచిన ఉద్యమమే ప్రభుత్వ బడిని ఖాళీ చేసిందన్న విమర్శలో నిజం పాలు ఉంది. 1813లో పుట్టిన ఇన్‌స్టిట్యూటో నాసియోనల్ వంటి పేరున్న బడుల్లో తర్వాతి ఏళ్లలో ముసుగులేసుకుని పెట్రోలు బాంబులు విసిరే చిన్న ముఠాలు తయారయ్యాయి. అలాంటివాళ్లను వెంటనే బహిష్కరించే చట్టం 2018లో వచ్చింది. కుర్చీని గేటుకు తగిలించడం వేరు, గురువు మీదికి నిప్పు విసరడం వేరు. మొదటిది బడి మాదంటుంది, రెండోది బడే వద్దంటుంది. అయితే నష్టాన్ని కొలిచేటప్పుడు రెండు పద్దులూ రాయాలి. ఉద్యమం వల్ల పోయిన నెలలు ఒక పద్దు. ఉద్యమం లేని పాతికేళ్లలో, ఏ గొడవా లేకుండా, ప్రతి ఏటా నిశ్శబ్దంగా పేదపిల్లలు పోగొట్టుకున్న చదువు ఇంకో పద్దు. మొదటిది వార్తాపత్రికలో కనబడుతుంది కనుక పెద్దదిగా తోస్తుంది.

మూడోది ఆర్థికవేత్తల అభ్యంతరం. విశ్వవిద్యాలయానికి చేరేవాళ్లలో ఉన్నవాళ్ల పిల్లలే ఎక్కువ; అందరికీ ఉచితం అంటే బీదవాడి పన్నుతో గొప్పవాడి కొడుకును చదివించడమే; ఆ డబ్బు అంగన్‌వాడీ వయసు పిల్లల మీద పెడితే మేలు. ఇందులో చివరి మాటను నేను చాలావరకు ఒప్పుకుంటాను. చిన్నవయసులో పెట్టిన రూపాయి విలువ ఎక్కువ. చిలీలో ఉచిత ఉన్నత విద్య ఆ డబ్బులో పెద్ద వాటాను తినేసింది. మొదటి మాట మాత్రం సగమే నిజం. ఎవరు కడతారన్నది పన్నుల ప్రశ్న. 2014లో చిలీ కంపెనీల పన్నును 20 శాతం నుంచి దశలవారీగా 25, 27 శాతాలకు పెంచింది, చదువు ఖర్చునే ముఖ్య కారణంగా చూపించింది. గొప్పవాడి కొడుక్కి ఉచితం చేసి, గొప్పవాడి లాభం మీద పన్ను వేస్తే లెక్క సరిపోతుంది. ముందు బడికా, తర్వాత విశ్వవిద్యాలయానికా అన్న ప్రాధాన్యాన్ని ఎన్నికైన సభ చర్చించి తేల్చుకోవాలి. 2011కు ముందు ఆ చర్చే లేదు.

చివరిది అన్నిటికంటే పదునైనది. ఉద్యమ నాయకులు కూడా రాజకీయ నాయకులే అయ్యారు, చివరికి ఏం సాధించారు? వయెహో, జాక్సన్, గాబ్రియేల్ బోరిచ్ 2013లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. బోరిచ్ 2022 మార్చిలో దేశాధ్యక్షుడయ్యాడు. మధ్యలో 2019 అక్టోబర్ ఉంది. మెట్రో టికెట్ 30 పెసోలు పెరిగినప్పుడు హైస్కూలు పిల్లలు గేట్ల మీంచి దూకారు. విద్యార్థుల టికెట్ ధర పెరగలేదు. పెరిగింది వాళ్ల అమ్మానాన్నలది. అది దేశవ్యాప్త తిరుగుబాటై, అందులో దహనకాండా పోలీసు హింసా రెండూ జరిగి, కొత్త రాజ్యాంగం కోసం ప్రజాభిప్రాయ సేకరణ దాకా వెళ్లింది. 2020లో 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు. 2022 సెప్టెంబర్‌లో అలా తయారైన ముసాయిదా చూసి దాదాపు 62 శాతం మంది వద్దన్నారు. 2023 డిసెంబర్‌లో మితవాదులు రాసిన ఇంకో ముసాయిదానూ తిరస్కరించారు. విద్యారుణాల రద్దు హామీ ఇచ్చిన బోరిచ్ బిల్లు 2024 అక్టోబర్‌కు గానీ సభకు చేరలేదు. దీన్ని ఓటమి అనవచ్చు. నేను అనను, గెలుపు అని కూడా అనను. వీధిలో ప్రశ్న అడగడానికి ఒక రకం శక్తి కావాలి, బడిని రోజూ నడపడానికి, చట్టం ముసాయిదాలో అల్పవిరామం దగ్గర ఆగి బేరమాడటానికి ఇంకో రకం ఓర్పు కావాలి. మొదటిది ఉన్నవాళ్లకు రెండోది ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఉద్యమం చేసిన పని తాళం తీయడం. తెరిచిన గదిలో ఏం పెట్టుకోవాలో జనం నిర్ణయించారు, ఉద్యమకారులకు నచ్చని విధంగా కూడా నిర్ణయించారు. గుజ్మన్ భయపడింది సరిగ్గా ఆ స్వేచ్ఛకే.

ఆ తాళం చివరికి చట్టసభలోనూ వదులైంది. రెండు సీట్ల ఎన్నికల పద్ధతి 2015లో రద్దయింది. రాజ్యాంగ అంగభూత చట్టాలకు కావలసిన 7లో 4 వంతుల నిబంధనను 2023 జనవరిలో సగానికి పైగా సభ్యుల మెజారిటీకి దించారు. పాత రాజ్యాంగం పేరుకు ఇంకా అమల్లోనే ఉంది. దాన్ని కదలకుండా పట్టి ఉంచిన మేకులు మాత్రం ఊడిపోయాయి. ఇకమీదట చిలీలో బడి చట్టం మారకపోతే, మార్చడానికి సభలో సగానికి మించి మనుషులు లేకపోవడమే కారణమవుతుంది. ఇది సాదా సంగతిలా వినిపిస్తుంది. ప్రజాస్వామ్యం అంటే ఆ సాదా సంగతే.

మొదట్లో అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. తరగతికీ వీధికీ పొత్తేమిటి? లోటా బడిలో వాన నీళ్ల మధ్య నిలబడి పైకప్పు ఎందుకు కారుతోందని అడిగిన పిల్లవాడి ముందు పంతులుకు రెండే దారులు. బాల్టీ పెట్టి పాఠం కొనసాగించడం ఒకటి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం రెండోది. రెండో దారి పట్టిన పంతులు ఆ పూటే మునిసిపాలిటీ పద్దుల గురించి, ఆ తర్వాత చట్టం గురించి, చట్టం చేసినవాళ్లను ఎవరు పంపారన్నదాని గురించి చెప్పాల్సి వస్తుంది. అంతా చెప్పాక, పిల్లవాడు లేచి తలుపు వైపు నడిస్తే, పాఠం మధ్యలో వెళ్లిపోయాడని హాజరుపట్టీలో రాసుకోవచ్చు. పాఠం అర్థమయిందని కూడా రాసుకోవచ్చు.